ఏఐ ఏజెంట్ చేతికి స్విచ్ ఇచ్చేముందు ఏం రాసివ్వాలి?

2021 అక్టోబర్ 4 గుర్తుందా? మనకి రాత్రి తొమ్మిది దాటాక వాట్సాప్, ఇన్‌స్టా, ఫేస్‌బుక్ మూడూ ఒకేసారి పడిపోయాయి. అందరం ఫోన్లు రీస్టార్ట్ చేసుకుంటూ కూర్చున్నాం. ఫోన్ల తప్పేం లేదు. బ్యాక్‌బోన్ కెపాసిటీ ఎంతుందో చూడ్డానికి ఇచ్చిన ఒక కమాండ్ డేటా సెంటర్ల మధ్య లింకులన్నీ తెంపేసిందని ఆ కంపెనీయే తర్వాత చెప్పింది. అలాంటి కమాండ్‌ని ఆపాల్సిన ఆడిట్ టూల్‌లో బగ్ ఉండి, అది ఆపలేదు. మళ్లీ లేవడానికి దాదాపు ఆరు గంటలు.

అది మనుషులు నడిపిన నెట్‌వర్క్. ఇప్పుడు అదే పని ఏఐ ఏజెంట్లకి ఇస్తున్నారు. ఎలాగంటే, రౌటర్‌కో స్విచ్‌కో లాగిన్ అయ్యి కమాండ్లు కొట్టే చిన్న ప్రోగ్రామ్ రాస్తారు, పైథాన్‌లో అయితే నెట్‌మికో లాంటి లైబ్రరీతో. దాన్ని ఎంసీపీ ద్వారా ఏజెంట్‌కి టూల్‌గా తగిలిస్తారు. ఎంసీపీ అంటే మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్, ఆంత్రోపిక్ 2024 నవంబర్‌లో రిలీజ్ చేసింది. ఇందులో ఏజెంట్‌కి మీ కోడ్ కనపడదు. టూల్ పేరు, దాని వివరణ, ఏమేం ఇన్‌పుట్ ఇవ్వాలి, అంతే. అంటే మీరు రాసిన ఆ నాలుగు లైన్ల డాక్యుమెంటేషనే దానికి కళ్లు.

ఒక ఎగ్జాంపుల్ చూద్దాం. వీల్యాన్ అంటే ఒకే స్విచ్‌ని విడివిడి నెట్‌వర్క్‌లుగా పంచుకోవడం. కాలేజీలో ఆఫీసుకి 10, ల్యాబ్‌కి 20 అనుకోండి. రెండు స్విచ్‌ల మధ్య ఈ రెండింటినీ మోసే లింకుని ట్రంక్ అంటారు. ఇప్పుడు సీసీ కెమెరాలకి 30 కలపాలి. సిస్కో స్విచ్‌లో కొట్టాల్సింది ‘స్విచ్‌పోర్ట్ ట్రంక్ అలౌడ్ వీల్యాన్ యాడ్ 30’. ఆ ‘యాడ్’ మర్చిపోతే? లిస్ట్‌కి 30 కలవదు, లిస్టే 30 అయిపోతుంది. 10, 20 కట్. ఎర్రర్ కూడా రాదు, ఎందుకంటే కమాండ్ కరెక్టే కదా! ఏజెంట్ ఆ 10 మీదుగానే లాగిన్ అయ్యి ఉంటే కూర్చున్న కొమ్మని నరుక్కున్నట్టే. ఇక ఎవరో ఒకరు కేబుల్ పట్టుకుని స్విచ్ దగ్గరికి నడవాలి. సీసీఎన్ఏ క్లాసుల్లో ఈ ముక్క చెవిలో ఇల్లు కట్టుకుని మరీ చెప్తారు.

ఇప్పుడు మీ టూల్ వివరణలో ‘ట్రంక్‌లో వీల్యాన్ సెట్ చేస్తుంది’ అని రాశారనుకోండి. సెట్ అంటే కలపడమా, మార్చేయడమా? ఏజెంట్ ఊహించుకుంటుంది. నేనైతే ఇలా రాస్తా: ‘ఉన్న లిస్ట్‌కి ఒక వీల్యాన్ కలుపుతుంది. పాతవి తీసేయదు. ముందు షో ఇంటర్‌ఫేసెస్ ట్రంక్ టూల్ నడిపి ఇప్పటి లిస్ట్ చూడు. పాత లిస్ట్ మొత్తాన్ని మార్చాలంటే ఈ టూల్ వాడొద్దు, మనిషిని అడుగు.’ పొడుగే, కానీ ఊహకి చోటు లేదు.

జవాబుల గురించి కూడా రాయాలి. సిస్కో కాన్ఫిగ్ కమాండ్ సక్సెస్ అయితే మామూలుగా ఏమీ అనదు, మౌనమే. తప్పయితే ‘ఇన్‌వాలిడ్ ఇన్‌పుట్’ అని ఒక లైన్ వస్తుంది. నెట్‌మికోకి ఎర్రర్ ప్యాటర్న్ ఇవ్వకపోతే అది ఆ లైన్ని మామూలు టెక్స్ట్ లాగానే తిరిగిస్తుంది. ఏజెంట్ ‘పని అయిపోయింది సార్’ అనేస్తే ఆశ్చర్యమేం లేదు.

తర్వాత వెనక్కి వచ్చే దారి. సిస్కోలో మార్పుకి ముందు ‘రీలోడ్ ఇన్ 10’ కొడతారు. లైన్ తెగిపోతే పది నిమిషాల్లో డివైస్ రీబూట్ అయ్యి, సేవ్ చేసిన పాత కాన్ఫిగ్‌తో లేస్తుంది. అంతా బాగుంటే ‘రీలోడ్ క్యాన్సిల్’, ఆ తర్వాతే ‘రైట్ మెమరీ’. ఈ ఆర్డర్ డాక్యుమెంట్‌లో లేకపోతే ఏజెంట్ బుద్ధిమంతుడిలా ముందే సేవ్ చేసి పెడుతుంది, అప్పుడు రీబూట్ అయినా తప్పుడు కాన్ఫిగే లేస్తుంది. జునిపర్‌లో ఇది ఇంకా నీట్‌గా ఉంటుంది. ‘కమిట్ కన్ఫర్మ్‌డ్’ కొడితే, మీరు మళ్లీ ఓకే చెప్పకపోతే పది నిమిషాలకి అదే పాత కాన్ఫిగ్‌కి వెళ్లిపోతుంది, రీబూట్ కూడా అక్కర్లేదు.

ఎంసీపీలో ‘రీడ్ ఓన్లీ’, ‘డిస్ట్రక్టివ్’ అని టూల్‌కి గుర్తులు పెట్టొచ్చు. పెట్టండి. కానీ అవి హింట్లు మాత్రమే, తాళాలు కావు. గోడ మీద ‘ఇచ్చట మూత్రము పోయరాదు’ అని రాసినంత బలం వాటిది. అసలు తాళం డివైస్‌లోనే ఉండాలి: ఏజెంట్‌కి చూడ్డానికి మాత్రమే పర్మిషన్ ఉన్న వేరే యూజర్, మార్పులకి మనిషి ఓకే.

ట్రై చేయాలంటే సిస్కో ప్యాకెట్ ట్రేసర్ ఫ్రీనే. రెండు స్విచ్‌లు కలిపి, ట్రంక్‌లో 10, 20 పెట్టి, ‘యాడ్’ లేకుండా 30 కొట్టండి. తర్వాత ‘షో ఇంటర్‌ఫేసెస్ ట్రంక్’ చూడండి. ఏజెంట్‌కి ఇచ్చే వివరణ ఆ స్క్రీన్ ముందు పెట్టుకునే రాయండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో ఆ రీడ్ ఓన్లీ యూజర్‌ని ఎలా క్రియేట్ చేయాలో చూద్దాం.