పడవకు పాక ఎందుకు?

నీళ్లలో నానే పడవకు నీడెందుకు? విజయవాడ భవానీపురంలో, పున్నమి ఘాట్ దగ్గర కృష్ణలో తిరిగే ఫైబర్ పడవలకు అసలు శత్రువు ఎండే. అతినీలలోహిత కిరణాలు పైపూతను పెళుసు చేసి సుద్దలా రాలుస్తాయి. చెక్క పడవ మరీ ఆరితే పలకలు కుంచించుకుని సందులు తెరుచుకుంటాయి.

పెరట్లో పెడితే టార్పాలిన్ బిగించి చుట్టకండి. చెమ్మ లోపలే ఉండి బూజు పడుతుంది. పక్కలు తెరిచిన తాటాకు పాక చల్లగా ఉంటుంది, కాకపోతే కప్పు మారుస్తూ ఉండాలి. మన్నిక కావాలంటే రేకుల షెడ్డే. తుఫాను గాలి కింద నుంచి దూరి రేకుల్ని ఎత్తేస్తుంది కాబట్టి స్తంభాలను కాంక్రీటులో పాతాలి. చిన్న పడవైతే దుంగల మీద బోర్లిస్తే వాననీరు నిలవదు.

కట్టేయడం మరవద్దు, వరదొస్తే పెరట్లో పడవైనా తేలుతుంది! 2024 సెప్టెంబరు వరదలో కొట్టుకొచ్చిన పడవలు ప్రకాశం బ్యారేజీని ఢీకొని గేట్ల కౌంటర్ వెయిట్లనే దెబ్బతీశాయి.