మన మంగంపేట ముగ్గురాయి

ఓబులవారిపల్లె, కోడూరు వైపు నుంచి వచ్చినవాళ్ళకు ముగ్గురాయి కొత్త కాదు. ఆ మిల్లుల్లో బస్తాలు మోసే ఇళ్ళ పిల్లలు మనలో ఎందరో. మా నాయన కూడా ఆ పనే చేశాడు. అయితే ఆ రాయి ఎలా పుట్టిందో, దేశదేశాలవాళ్ళు దాన్ని ఎందుకు కొంటారో నేను ఎమ్మెస్సీ జియాలజీలో చేరాకే తెలుసుకున్నాను.

పుస్తకాల్లో దీని పేరు బెరైటీస్. రసాయనికంగా బేరియం సల్ఫేట్. చేతిలోకి తీసుకోగానే బరువు తెలుస్తుంది. లీటరు చెంబులో పట్టేంత గ్రానైట్ ముద్ద 2.7 కిలోలు తూగితే, అంతే ముగ్గురాయి 4.5 కిలోల దాకా తూగుతుంది. దాని విలువంతా ఈ బరువులోనే ఉంది. చమురు బావి తవ్వేటప్పుడు లోపలి గ్యాసు ఒత్తిడి ఒక్కసారిగా పైకి తన్నకుండా, బావిలోకి బరువైన బురద పంపుతారు. ఆ బురదకు బరువు ఇచ్చేది ముగ్గురాయి పిండి. అది నీళ్ళలో కరగదు, గట్టిదనం తక్కువ కాబట్టి పనిముట్లనూ అంతగా అరగదీయదు.

పులివెందుల, వేముల ప్రాంతాల్లోనూ, కర్నూలు వైపూ ముగ్గురాయి దొరుకుతుంది. అయితే అక్కడ అది రాతి పగుళ్ళలో తెల్లని చారలుగా ఉంటుంది. మంగంపేటది వేరు. షేలు రాళ్ళ మధ్య బూడిద రంగు పొరలుగా, మధ్యలో లావై అంచుల్లో సన్నబడే దిబ్బలా పరుచుకుని ఉంది. ఇక్కడి నిల్వ సుమారు 7.4 కోట్ల టన్నులని లెక్క కట్టారు. పాదరసం ఖనిజానికి స్పెయిన్‌లోని అల్మాడెన్ పేరు చెప్పినట్టు, బెరైటీసుకు మన మంగంపేట పేరు చెబుతారు. 2022లో జిల్లాలు విడదీసినా పాఠ్యపుస్తకాల్లో ఇది కడప బేసిన్ ఖనిజమే. విలియం కింగ్ అనే జియాలజిస్టు 1872లోనే ఈ బేసిన్ మీద పెద్ద గ్రంథం ప్రచురించాడు.

ఇక పుట్టుక సంగతి. వంద కోట్ల ఏళ్ళకు పూర్వం ఇక్కడ సముద్రం ఉండేది. అడుగున బురద పేరుకుని షేలు అయింది. ముగ్గురాయి పై పొరల్లో బఠాణీ గింజల్లాంటి గుండ్లు, వాటితోపాటు అగ్నిపర్వత బూడిద రాళ్ళు కనిపిస్తాయి. అందుకే జియలాజికల్ సర్వే దీన్ని అగ్నిపర్వత సంబంధమైనదిగా పేర్కొని, జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా గుర్తించింది. కింది పొరల్లో గులాబీ రేకుల్లా విచ్చుకున్న స్ఫటికాలున్నాయి. వాటిని చూసి మరికొందరు పరిశోధకులు, భూమి లోపలి వేడినీళ్ళు బేరియాన్ని మోసుకొస్తే, సముద్రపు నీటిలోని సల్ఫేటుతో కలిసి అడుగున పేరుకుందంటారు. నాకు ఈ రెండో వాదనే ఎక్కువ నచ్చుతుంది. బేరియం, సల్ఫేటు కలిస్తే వెంటనే తెల్లని అవక్షేపం దిగుతుందని ఇంటర్ ల్యాబులో సాల్ట్ అనాలిసిస్ చేసినవాళ్ళందరికీ తెలుసు కదా!

చివరగా మన ఇళ్ళకు సంబంధించిన మాట. కరిగే బేరియం లవణాలు విషం. ముగ్గురాయి కరగదు కాబట్టి విషం కాదు. పైగా ఎక్స్‌రే కిరణాలను ఆపుతుంది. ఆసుపత్రిలో కడుపు పరీక్షకు తాగించే బేరియం మీల్ ఇదే పదార్థం. కానీ ఏళ్ళ తరబడి మిల్లు దుమ్ము పీల్చినవారి ఊపిరితిత్తుల ఎక్స్‌రేలో ఇదే పిండి చుక్కలు చుక్కలుగా కనబడుతుంది. దీన్ని బెరిటోసిస్ అంటారు. ఒక్క ముగ్గురాయి దుమ్మే అయితే సాధారణంగా పెద్ద ప్రమాదం ఉండదు. పలుగురాయి దుమ్ము కలిస్తేనే సిలికోసిస్ వస్తుంది, పాడైన ఊపిరితిత్తి మళ్ళీ బాగుపడదు. కాబట్టి ఇంట్లో ఎవరైనా దగ్గుతో ఆసుపత్రికి వెళ్తే, ఏ మిల్లులో ఎన్నేళ్ళు పని చేశారో డాక్టరుకు ముందే చెప్పండి. చెప్పకపోతే ఆ చుక్కల్ని చూసి క్షయ అనుకునే అవకాశం ఉంది.