అక్కఱలేని మెథడులను మఱుగుపఱచుట

దుకాణపు లెక్కలు వ్రాయు ప్రోగ్రాములో పద్దు ఒక వస్తువు. దాని రూపరేఖను క్లాసందురు. రసీదును అచ్చువేయు భాగమునకు మొత్తమును దిద్దు మెథడు సైతము కనబడుచున్నచో, ఏదో యొకనాడు పొరపాటున పద్దే మాఱును.

1996లో వెలువడిన జావాయందలి స్టాకను క్లాసును చూడుడు. అది పళ్లెముల దొంతర వంటిది, పైదానినే తీయవలెను. కాని వెక్టరను క్లాసునుండి పుట్టుటచే, నడుమ దూర్చు మెథడును దానికి సంక్రమించినది. తండ్రి యాస్తితో అప్పును వచ్చినట్లు!

దీనికి మందు ఇంటర్‌ఫేసు. వలసిన మెథడులనే యందు పేర్కొని, తక్కిన భాగములు ఆ పేరుతోనే వస్తువును గ్రహించినచో, మిగిలినవానిని కంపైలరు పిలువనీయదు. అయినను ఇది తెరయే గాని తాళము కాదని మేము తలంచెదము. క్యాస్టు చేసినవానికి అవి మరల గోచరించును. తాళమే వలసినచో అసలు వస్తువును వేఱొక క్లాసులో ప్రైవేటుగా నుంచవలెను. జావా పత్రములు సైతము స్టాకునకు బదులు, 2006లో వచ్చిన డెక్ అను ఇంటర్‌ఫేసును వాడుమనుచున్నవి. అందు అడుగునుండి తీయుట కలదు గాని, నడుమ దూర్చుట లేదు.