పింగ్: ఒక్క రాత్రిలో పుట్టిన కమాండ్

సర్వర్ పలకడం లేదనగానే నెట్‌వర్క్ ఇంజనీర్ మొదట టైప్ చేసే కమాండ్ పింగ్. అది 1983 డిసెంబర్‌లో, అమెరికాలోని మేరీలాండ్ రాష్ట్రంలో ఉన్న సైన్యపు బాలిస్టిక్ పరిశోధనశాలలో పుట్టింది. రాసినవారు మైక్ మూస్. ఆ ఏడాది జులైలో నార్వేలో జరిగిన ఒక సమావేశంలో నెట్‌వర్క్ పరిశోధకుడు డేవిడ్ మిల్స్ తన ప్రయోగాల గురించి ఆయనకు చెప్పారు. ప్రతిధ్వని ప్యాకెట్లు పంపి, అవి తిరిగి రావడానికి పట్టే సమయాన్ని మిల్స్ అప్పటికే కొలుస్తున్నారు. డిసెంబర్‌లో పరిశోధనశాల నెట్‌వర్క్ మొరాయించినప్పుడు మూస్‌కు ఆ సంభాషణ గుర్తొచ్చింది.

వెంటనే ప్రోగ్రామ్ రాశారు. కంపైల్ అయింది కానీ నడవలేదు. అలాంటి ప్యాకెట్లను నేరుగా పంపే ఏర్పాటు ఆపరేటింగ్ సిస్టమ్ కెర్నల్‌లోనే లేదు. ఆ భాగమూ తానే రాసి, తెల్లవారేలోగా అంతా పనిచేయించారు. ఈలోగా సహోద్యోగి ఒకరు హార్డ్‌వేర్ లోపాన్ని కనిపెట్టి సరిచేసేశారు. ఏ లోపం కోసం పింగ్ పుట్టిందో దాన్ని పట్టుకునే అవకాశం మాత్రం దానికి రాలేదు. కాలేజీ రోజుల్లో సోనార్, రాడార్ నమూనాల మీద పనిచేసిన మూస్, సోనార్ చేసే చప్పుడునే దానికి పేరుగా పెట్టారు.

పింగ్ పంపేది ఐసీఎంపీ అనే నెట్‌వర్క్ నియమావళిలోని ప్రతిధ్వని అభ్యర్థన. ఈ నియమావళిని జాన్ పోస్టెల్ 1981లో ప్రచురించారు. అభ్యర్థనలో వచ్చిన డేటాను అవతలి యంత్రం అక్షరం మార్చకుండా తిప్పి పంపాలి. పింగ్ నైపుణ్యమంతా ఈ నియమాన్ని వాడుకోవడంలోనే ఉంది. పంపిన సమయాన్ని ప్యాకెట్ లోపలే రాసి పంపుతుంది. జవాబు రాగానే ఆ సమయాన్ని చదివి, తన గడియారంతో పోల్చి తేడా తీస్తుంది. కాబట్టి రెండు యంత్రాల గడియారాలూ ఒకేలా ఉండనక్కర్లేదు, పంపిన వేళలను విడిగా గుర్తుపెట్టుకోనూ అక్కర్లేదు. తెరపై సాధారణంగా కనిపించే 64 బైట్లలో 56 డేటా, 8 ఐసీఎంపీ శీర్షిక. ప్రతి ప్యాకెట్‌కూ వరుస సంఖ్య ఉండటం వల్ల దారిలో ఎన్ని పోయాయో కూడా తెలుస్తుంది.

వచ్చిన సమయాన్ని దూరంతో కలిపి చదవాలి. ఫైబర్‌లో కాంతి వేగం సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు. 1,000 కిలోమీటర్ల దూరానికి రానూపోనూ 10 మిల్లీసెకన్లు తప్పవు. అంతకంటే ఎంత ఎక్కువైతే అంత భాగం దారి వంకర, రద్దీ, యంత్రాల ఆలస్యాలదే.

బర్క్‌లీ యూనిక్స్‌తో పాటు పింగ్ ప్రపంచమంతా పాకింది. ఇంటర్నెట్‌లోని ప్రతి యంత్రమూ ప్రతిధ్వనికి జవాబివ్వగలగాలని 1989 నాటి ప్రమాణం నిర్దేశించింది. 1980ల చివర్లో లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలకు చెందిన వాన్ జేకబ్‌సన్ ట్రేస్‌రూట్ అనే మరో కమాండ్‌ను రాశారు. ప్యాకెట్ దాటగల రూటర్ల సంఖ్యను 1తో మొదలుపెట్టి ఒక్కొక్కటిగా పెంచుతూ, మధ్యలో ఏయే రూటర్లున్నాయో అది చూపిస్తుంది. 48 గంటలు నిద్ర లేకుండా రాశానని ఆయన ఆ సోర్స్ కోడ్‌లోనే చెప్పుకున్నారు. ఎక్కడివరకు చేరిందో తెలిపే ఈ సాధనం లేకుండా పింగ్ సగం సమాచారమే ఇస్తుంది.

1996లో పింగ్‌కు చెడ్డపేరూ వచ్చింది. 65,535 బైట్ల గరిష్ఠ పరిమితిని మించిన ప్యాకెట్‌ను ముక్కలుగా పంపితే, వాటిని తిరిగి అతికించేటప్పుడు చాలా వ్యవస్థలు కుప్పకూలేవి. ఆ లోపాన్ని తర్వాత సరిదిద్దారు. ఇప్పటికీ చాలా ఫైర్‌వాల్‌లు ఐసీఎంపీని అడ్డుకుంటాయి. అందుకే జవాబు రాకపోతే సర్వర్ ఆగిపోయిందని చెప్పలేం. జవాబు వచ్చినంత మాత్రాన వెబ్‌సైట్ నడుస్తోందనీ చెప్పలేం, ఎందుకంటే జవాబిచ్చేది కెర్నల్, వెబ్ సర్వర్ ప్రోగ్రామ్ కాదు. ఆ సంగతి తేల్చుకోవడానికి కర్ల్ కమాండ్‌తో పేజీని అడిగి చూడాలి, సర్వర్‌లోనే ఎస్ఎస్ కమాండ్‌తో పోర్టు తెరిచి ఉందో లేదో చూడాలి, ఆపైన లాగ్‌లు చదవాలి.