మకుటం ఉన్న పేక

శతకంలో ఏ పద్యానికి ఆ పద్యమే విడి. ముందుది చదవకపోయినా తర్వాతది అర్థమవుతుంది. వంద పద్యాలనూ ఒక్క పుస్తకంగా నిలబెట్టేది ప్రతి పద్యం చివరా వచ్చే మకుటం. అమెరికాలో పుట్టిన ‘మ్యాజిక్: ది గ్యాదరింగ్’ అనే కార్డుల ఆటలో, నలుగురు చుట్టూ కూర్చుని ఆడే ‘కమాండర్’ పద్ధతికి మన శతకంతో ఉన్న పోలిక చూస్తే ముచ్చటేస్తుంది. ఒక్కొక్కరి దగ్గర సరిగ్గా 100 కార్డుల కట్ట ఉంటుంది. బేసిక్ ల్యాండ్‌లనే నేల ముక్కలు, ఇంకొన్ని చిన్న మినహాయింపులు తప్పిస్తే ఏ ముక్కా రెండోసారి రాకూడదు. ఆ వందలో ఒకటి కమాండర్: పేరూ కథా ఉన్న వీరుడో, మాంత్రికురాలో, డ్రాగనో. అది కట్టలో కలవదు, మొదటి నుంచీ అందరి కళ్ల ముందే ఉంటుంది. మిగతా 99 ముక్కలూ దాని రంగుల గీత దాటకూడదు. అయితే కమాండర్ ఉన్నంత మాత్రాన డెక్‌కు మకుటం కుదిరినట్టు కాదు. పేరున్న బలమైన ముక్కలన్నీ ఏరి, వాటి నెత్తిన ఏదో ఒక కమాండర్‌ను కూర్చోబెట్టిన డెక్‌లు కోకొల్లలు. జాంబీలనో ఎల్ఫ్‌లనో తీసుకుని ఒకే ఇతివృత్తం చుట్టూ అల్లిన థీమ్ డెక్‌లను చూసి ‘సరదాకి బాగానే ఉంటాయి’ అని చప్పరించేసేవాళ్లూ ఉన్నారు. నలుగురాడే ఆటలో డెక్‌కు బలమిచ్చేదీ, బల్ల దగ్గర ఆటను ఆటగా నిలబెట్టేదీ ఆ థీమేనని ఈ వ్యాసం వాదన.

పేకాట తెలిసినవాళ్లు ముందుగా గమనించాల్సిన తేడా ఒకటుంది. రమ్మీలో పేక అందరిదీ ఒకటే. ముక్కలు పంచాకే నేర్పు మొదలవుతుంది. సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు మీద వచ్చిన కేసులో సుప్రీంకోర్టు 1967లో రమ్మీని ప్రధానంగా నేర్పుతో కూడిన ఆట అన్నప్పుడు చూపిన కారణమూ ఇదే: పడిన ముక్కలు గుర్తుండాలి, ఏది ఉంచుకోవాలో ఏది పడెయ్యాలో తెలియాలి. గణితంలో పరిశోధన చేసిన రిచర్డ్ గార్‌ఫీల్డ్ రూపొందించగా, విజర్డ్స్ ఆఫ్ ది కోస్ట్ సంస్థ 1993లో విడుదల చేసిన మ్యాజిక్ ఈ వరుసను తిరగేసింది. ఇక్కడ ఎవరి పేక వాళ్లే ఇంటి దగ్గర కట్టుకుని రావాలి. ఇప్పటికి అచ్చయిన వేర్వేరు ముక్కలు ఇరవై వేలు దాటాయి. వాటిలోంచి 99 ఏరడమంటే సగం ఆట బల్ల దగ్గరికి రాకముందే ఆడేసినట్టు.

కమాండర్ పద్ధతిని కంపెనీ కనిపెట్టలేదు, ఆటగాళ్లే పుట్టించారు. 1990ల రెండో సగంలో అలాస్కాలో ఆడం స్టేలీ, ఆయన స్నేహితులు మొదలుపెట్టినప్పుడు దీని పేరు ‘ఎల్డర్ డ్రాగన్ హైలాండర్’. 1994లో వచ్చిన ‘లెజెండ్స్’ కార్డుల్లోని నికోల్ బోలస్ వంటి అయిదు ముసలి డ్రాగన్‌లలో ఒకదాన్ని ఎంచుకుని దాని చుట్టూ డెక్ కట్టాలన్నది అప్పటి నియమం. అంటే పుట్టుకతోనే ఇది థీమ్ ఆట. పోటీల్లో జడ్జిగా పనిచేసిన షెల్డన్ మెనరీ దాన్ని తోటి జడ్జిలకు అలవాటు చేసి లోకమంతా తిప్పారు. 2011లో కంపెనీ అయిదు రెడీమేడ్ డెక్‌లు అమ్మకానికి పెట్టేనాటికి పేరు కమాండర్‌గా మారింది. ఇద్దరాటలో 20గా ఉండే ప్రాణబలం ఇందులో 40 అయింది. ఆ అంకె గుర్తుంచుకోండి, దానితో ముందు ముందు పని ఉంది.

ముందు డెక్ లోపలి లెక్క చూద్దాం. ఇద్దరు ఆడే మామూలు పద్ధతిలో డెక్ 60 ముక్కలది, ఒక్కో ముక్క నాలుగు ప్రతుల దాకా పెట్టుకోవచ్చు. కావాల్సింది చేతికి రావడం అక్కడ అంత కష్టం కాదు. కమాండర్‌లో ఒక్క ప్రతే. కలిపిన 99లోంచి మొదట తీసే ఏడింటిలో మీరు కోరుకున్న ఆ ఒక్క ముక్క ఉండే అవకాశం వందకి ఏడు. పది వంతులు ఆడి పదిహేడు ముక్కలు చూసినా వందకి పదిహేడే. ఎంత గొప్ప ముక్కయినా దాన్ని నమ్ముకుని డెక్ కడితే అయిదు ఆటల్లో నాలుగింట అది కనబడనే కనబడదు. ఒకే పనికి వచ్చే వేర్వేరు ముక్కలు పది పెట్టారనుకోండి, మొదటి చేతిలో ఒకటైనా ఉండే అవకాశం వందకి 54 దగ్గర. ముప్పై పెడితే 93 దగ్గర. థీమ్ చేసే ఉపకారం ఇదే. ప్రతులు పెట్టుకోనివ్వని ఆటలో అది పోలికలున్న ముక్కలను ప్రతుల్లాగా పనిచేయిస్తుంది. విల్‌హెల్ట్ అనే కమాండర్‌ను తీసుకుంటే, మీ మామూలు జాంబీ ఒకటి చస్తే దాని బదులు ఇంకో కుళ్లిన జాంబీ టోకెన్ (కట్టలో లేకుండా ఆటలోనే పుట్టే ముక్క) లేస్తుంది. మీ వంతు చివర ఒక జాంబీని బలిస్తే కొత్త ముక్క తీసుకోవచ్చు. ఏ జాంబీ చేతికొచ్చినా ఈ యంత్రం తిరుగుతుంది. ఫలానా జాంబీయే రావాలన్న బెంగ ఉండదు.

ఇక్కడే కొత్తవాళ్లు బోల్తా పడతారు. జాంబీ థీమ్ అనగానే దొరికిన జాంబీలన్నీ కుక్కేసి అరవై దాకా తెస్తారు. నేల ముక్కలు ఒక 37, ముక్కలు దింపడానికి ఖర్చయ్యే ‘మనా’ అనే శక్తిని త్వరగా సమకూర్చేవి పది, చేతికి కొత్త ముక్కలు తెచ్చేవి పది, ఎదుటివాళ్ల ఎత్తులకు అడ్డుకట్ట వేసేవి పది తీసేస్తే థీమ్‌కు మిగిలేవి ముప్పై రెండే. పద్యం చివర మకుటం ఉండాల్సిందే గానీ నాలుగు పాదాలూ మకుటమే అయితే పద్యం ఎక్కడిది? నేర్పంతా ఆ మిగతా విభాగాల్లోకి కూడా థీమ్‌ను జొప్పించడంలో ఉంది. అడ్డుకట్ట వేసే ముక్క కూడా జాంబీయే అయితే ఒక స్థలంలో రెండు పనులు అవుతాయి. థీమ్ డెక్ కట్టేవాళ్లు గంటల తరబడి పాత సెట్‌లు గాలించేది ఇలాంటి ముక్కల కోసమే. పైగా ఖర్చూ కలిసొస్తుంది. అందరికీ కావాల్సిన ముక్కకే ధర ఎక్కుతుంది, ఒక్క తెగకే పనికొచ్చేదాన్ని అంతగా ఎగబడి కొనరు.

ఇక బల్ల దగ్గరికి వద్దాం. ఎదురుగా ముగ్గురు. ఒక్కొక్కరికి 40 చొప్పున 120 ప్రాణబలం. మీరు ఒక ముక్క తీసుకునే లోపు వాళ్లు మూడు తీసుకుంటారు. మీ ముక్క ఒకటి ఖర్చుపెట్టి ఒకరి ముక్కను చంపారా, మీ ఇద్దరికీ చెరొకటి పోయింది, తక్కిన ఇద్దరికీ పైసా ఖర్చు లేకుండా లాభం. కాబట్టి బలంతోనే నెగ్గుకొద్దామంటే ఈ ఆటలో కుదరదు. ఎవరు ప్రమాదకరం, ఎవరిని ఇప్పుడు వదిలెయ్యొచ్చు, ఎవరితో రెండు వంతుల పాటు రాజీ పడాలి అన్న అంచనాలే ఆటను నడుపుతాయి. అవధాన సభలో అప్రస్తుత ప్రసంగి లాంటివాళ్లు ప్రతి బల్ల దగ్గరా ఒకరుంటారు, మాటలతోనే చూపు మళ్లిస్తారు. ఈ అంచనాలకు ఆధారం కావాలి, ఆ ఆధారం థీమ్ ఇస్తుంది. ఎల్ఫ్‌ల కమాండర్ లాత్రిల్‌ను చూడండి. ఆమె ఎవరినైనా పోరులో కొడితే ఎంత దెబ్బో అన్ని ఎల్ఫ్ టోకెన్లు పుడతాయి. ఆమె కాక మరో పదిమంది ఎల్ఫ్‌లను ఒక్కసారిగా పనిలోకి దింపితే ఎదుటి ముగ్గురికీ తలా పది ప్రాణబలం పోయి, ఆమె పక్షానికి పది కలుస్తుంది. బల్ల మీద ఆరుగురు, ఏడుగురు, ఎనిమిదిమంది అని అందరూ లెక్కపెడుతూనే ఉంటారు. తొమ్మిదో ఎల్ఫ్ దిగేసరికి అప్పటిదాకా కొట్టుకున్న ముగ్గురూ ఒక్కటైపోతారు. ముంచుకొస్తున్న ప్రమాదాన్ని అందరూ చదవగలుగుతున్నారు, ఆపడానికి తలా ఒక వంతు అవకాశం ఉంది. థీమ్ లేని డెక్‌లో ఈ ఉత్కంఠ రాదు. ఏ సంబంధమూ లేని రెండు ముక్కలు కలిసి ఆటను ఉన్నట్టుండి ముగించేస్తే ఓడిన ముగ్గురికీ తాము ఎక్కడ పొరబడ్డామో కూడా తెలియదు.

గెలవాలంటే థీమ్ పనికిరాదు కదా అన్నది మొదటి అభ్యంతరం. నాలుగు సమాన డెక్‌లు తలపడితే ఎవరికైనా దక్కేది నాలుగింట ఒక గెలుపు. అంటే ఎంత బలంగా కట్టుకున్నా ఎక్కువసార్లు ఓడిపోయే ఆటే ఇది. ఆ మూడు ఓటముల్లో చూడదగ్గది ఏముందన్నదే అసలు ప్రశ్న. అయినా థీమ్ అంటే బలహీనత అన్న మాట నిజం కాదు. 2017లో వచ్చిన రక్తపిశాచాల కమాండర్ ఎడ్గర్ మార్కోవ్, తను ఇంకా బరిలోకి దిగకముందే, మీరు ప్రతి పిశాచాన్ని దింపినప్పుడల్లా ఇంకో చిన్న పిశాచాన్ని ఉచితంగా ఇస్తాడు. అలాంటి డెక్‌ను చూసి సరదా డెక్ అన్నవాళ్లు నాలుగో వంతుకే బుద్ధి తెచ్చుకుంటారు. గెలుపే పరమావధిగా ఆడే పోటీ కమాండర్ వేరే ఉంది. అక్కడ ఈ వాదన నిలవదని ఒప్పుకోవాల్సిందే. అక్కడ నలుగురూ ఒకే రకం ముక్కలతో వస్తారు, అదే వాళ్ల ఒప్పందం.

రెండో అభ్యంతరానికి ఇంకొంచెం పదునుంది. థీమ్ డెక్ అన్న పేరు చాటున బలమైన డెక్‌ను తెచ్చి అమాయకుల మీద వదిలేవాళ్లు లేరా? ఉన్నారు. కుర్చీ బొమ్మ ఉన్న ముక్కలతోనే కట్టిన డెక్ కూడా థీమే, ఎడ్గర్ పిశాచాల డెక్ కూడా థీమే, రెండింటినీ ఒక బల్ల మీద పెడితే అన్యాయం. థీమ్ ఏం చేస్తుందో చెబుతుంది గానీ ఎంత గట్టిగా చేస్తుందో చెప్పదు. ఈ లోటు ఆట పెద్దలకూ తెలిసొచ్చింది. 2024 సెప్టెంబరులో, అప్పటిదాకా నియమాలు చూసిన స్వచ్ఛంద కమిటీ మనా క్రిప్ట్, జ్యూవెల్డ్ లోటస్‌తో పాటు మరో రెండు ముక్కలను నిషేధిస్తే బెదిరింపుల దాకా వెళ్లింది గొడవ. ఆ నెలాఖరుకే పెత్తనం కంపెనీ చేతికి వెళ్లింది. 2025 ఫిబ్రవరిలో కంపెనీ అయిదు మెట్ల ‘బ్రాకెట్’ పద్ధతిని ప్రయోగాత్మకంగా తెచ్చింది. ఆటను ఒంటిచేత్తో మార్చేసే ముక్కలు 40 గుర్తించి జాబితా వేసింది. అట్టడుగు మెట్టు ‘ఎగ్జిబిషన్’లో గెలుపు కన్నా థీమే ముఖ్యం. చిట్టచివరిది పోటీ కమాండర్. మొదటి రెండు మెట్లలో ఆ జాబితాలోవి అసలే ఉండకూడదు, మూడో మెట్టులో మూడుకు మించకూడదు. కొలత మోటుదే, కానీ థీమ్ చెప్పలేని రెండో మాటను ఇది చెప్పిస్తోంది.

థీమ్ అంతా కంపెనీ సరుకు అమ్ముకునే ఎత్తుగడ అనేవాళ్ల మాటలోనూ సగం నిజముంది. 2017లో నాలుగు రెడీమేడ్ డెక్‌లనూ తెగల పేరుతోనే దింపారు: డ్రాగన్‌లు, పిల్లులు, రక్తపిశాచాలు, మాంత్రికులు. 2023లో ‘లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ కూడా ఈ ముక్కల మీదికి ఎక్కింది. ఇంటి దగ్గర ఏరుకోవాల్సిన ఆనందాన్ని డబ్బాలో పెట్టి అమ్మడమే ఇది. కానీ పేక మీద ఇతివృత్తం పెట్టడం ఏ కంపెనీ సొత్తూ కాదు. మన దేశపు దశావతార గంజీఫాలో పది అవతారాలకు పది రంగులు, రంగుకు పన్నెండు చొప్పున 120 గుండ్రని ముక్కలు. పగలు ఆడితే రాముడి రాజు ముక్క ఉన్నవాళ్లు, రాత్రి ఆడితే కృష్ణుడి రాజు ముక్క ఉన్నవాళ్లు ఆట మొదలుపెడతారు. అక్కడ ఇతివృత్తం బొమ్మ దగ్గర ఆగిపోలేదు, నియమంలోకి దిగింది. మంచి థీమ్ డెక్‌ను డబ్బా డెక్ నుంచి విడదీసి చూడడానికి ఇంతకన్నా మంచి గీటురాయి లేదు. పేర్లన్నీ చెరిపేసినా ఆ ముక్కలు కలిసి పనిచేస్తే అది థీమ్, లేకపోతే బొమ్మల కొలువు.

మొదటి డెక్ కట్టబోతుంటే కమాండర్ కన్నా ముందు, ఒకే పని చేసే ముప్పై ముక్కలు దొరుకుతాయో లేదో చూసుకోండి. దొరకలేదా, ఆ ఆలోచన ఎంత ముద్దుగా ఉన్నా పక్కన పెట్టండి. దొరికితే మిగతా అరవై తొమ్మిదీ వాటికి సేవ చేసేలా ఏరండి. బల్ల దగ్గర కూర్చున్నాక మీ డెక్ ఏం చేయబోతుందో, ఏ మెట్టుదో ఎదుటి ముగ్గురికీ రెండు ముక్కల్లో చెప్పి, ఆ తర్వాతే పేక కలపండి.