నొక్కితే నిజం చెప్పే గ్రాఫు
ప్లేగు, వరదలు చూసిన సూరత్‌లో అంకెల విలువ అందరికీ తెలుసు. తెర మీది బొమ్మను నిలదీయడమే ఇక నేర్వాల్సిన విద్య

1994 సెప్టెంబర్‌లో సూరత్‌లో ప్లేగు కన్నా వేగంగా పాకింది పుకారు. యాభై మందికి పైగా చనిపోయారు. లక్షలాది మంది దొరికిన రైలో బస్సో పట్టుకుని ఊరొదిలారు. ఏ పేటలో ఎన్ని జ్వరాలున్నాయో వెంటనే తెలియని చోట భయానికి హద్దులుండవు మరి.

1995 మేలో మున్సిపల్ కమిషనర్‌గా వచ్చిన ఐఏఎస్ అధికారి సూర్యదేవర రామచంద్రరావు ఈ కిటుకు గ్రహించారు. నగరాన్ని 6 జోన్లుగా విడదీసి అధికారాలు వాటికే అప్పగించారు. పొద్దున్నే అధికారులంతా వీధుల్లో ఉండాలి, ఆ తర్వాత సమీక్ష. 'ఏసీ నుంచి డీసీకి' అన్నది ఆయన నినాదం. చల్లటి గదులు వదిలి రోజువారీ పనుల్లోకి దిగమని దానర్థం. 1996లో ఇంటాక్ సంస్థ సూరత్‌ను దేశంలో చండీగఢ్ తర్వాత రెండో పరిశుభ్ర నగరంగా గుర్తించింది.

అప్పటి సమీక్ష కాగితాల స్థానంలో ఇప్పుడు డాష్‌బోర్డులు వచ్చాయి. నగరపాలికకు కమాండ్ సెంటర్ ఉంది. పవర్ బీఐ, టాబ్లో లాంటి సాఫ్ట్‌వేర్లతో చీరల వ్యాపారి కూడా తన అమ్మకాలను తెర మీద చూసుకోవచ్చు. అచ్చేసిన గ్రాఫు ఒకే మాట చెప్పి ఊరుకుంటుంది. ఇంటరాక్టివ్ గ్రాఫు ఎదురు ప్రశ్నకూ జవాబిస్తుంది. తేడా అంతా అక్కడే.

ఉదాహరణకు ఓ నగరంలో మలేరియా కేసులు నెలలో 600 నుంచి 540కి తగ్గాయనుకుందాం. కమిషనర్‌కు సంతోషమే. కానీ జోన్‌పై క్లిక్ చేస్తే ఒకచోట 40 కాస్తా 90 అయ్యాయని తేలుతుంది. మిగతా జోన్లలో 560 నుంచి 450కి పడిపోవడంతో ఆ పెరుగుదల మొత్తంలో కలిసిపోయింది. మరో క్లిక్‌తో వార్డు, ఆపైన ఆస్పత్రి. మందు చల్లే సిబ్బందిని ఎక్కడికి పంపాలో అప్పుడు తెలుస్తుంది.

ఈ సౌకర్యం ఊరికే రాదు. ప్రతి కేసూ తేదీ, వార్డు, ఆస్పత్రితో ఒక్కో వరుసగా నమోదు కావాలి. మొత్తాలు మాత్రమే దాచుకుంటే తర్వాత విడదీయడం ఎవరి తరమూ కాదు. ఒక ఆస్పత్రి అనుమానితులనూ, మరొకటి నిర్ధారణ అయినవారినే లెక్కిస్తే ఎంత అందమైన గ్రాఫైనా అబద్ధమే. కడ్డీల గ్రాఫు సున్నా నుంచి మొదలుకాకపోతే గోరంత తేడా కొండంతగా కనిపిస్తుంది.

అసలు రాజకీయం మరొకటి. ఏ మీట ఉండాలో నిర్ణయించేది గ్రాఫు తయారుచేసేవారే. తెలంగాణ నుంచి వచ్చిన పద్మశాలీలు తరాలుగా సూరత్ మరమగ్గాల మీద బతుకుతున్నారు. వారి పిల్లల కోసం నగరపాలిక తెలుగు మాధ్యమ పాఠశాలలు నడిపింది. అంటే ఆ లెక్కల్లో భాషకో గడి ఉంది. ఆరోగ్యం పట్టికలో వలస కార్మికులకు గడి లేకపోతే? ఎన్ని క్లిక్కులు చేసినా వారు కనిపించరు. పట్టికలో లేనివారు ప్రణాళికలోనూ ఉండరు.

సాఫ్ట్‌వేర్‌కూ ఆయుష్షుంటుంది. ఎక్సెల్ పట్టికలను కదిలే మీటర్లుగా మార్చి 2000ల్లో మేనేజర్లను మురిపించిన ఎక్సెల్షియస్ డాష్‌బోర్డులు ఫ్లాష్ మీద ఆధారపడ్డాయి. 2020 డిసెంబర్ 31తో ఫ్లాష్‌కు అడోబి మద్దతు ఆపేయగానే అవి మూగబోయాయి. బొమ్మ పోయినా దాని వెనకున్న పట్టికను భద్రంగా ఉంచుకున్నవారే బయటపడ్డారు.

2006 ఆగస్టులో ఉకాయ్ డ్యామ్ నుంచి వదిలిన నీటితో తాపీ నది పొంగి నగరంలో చాలా భాగం మునిగింది. జలాశయం పూర్తి మట్టం 345 అడుగులు. సాగుకు, కరెంటుకు నింపుకోవాలా, వరద కోసం ఖాళీ ఉంచాలా? ఇన్ని క్యూసెక్కులు ఇప్పుడే వదిలితే దిగువన ఏమవుతుందో తెర మీద మీట జరిపి ముందే చూసుకోవచ్చు. అయితే గేటు ఎత్తే నిర్ణయం గ్రాఫు తీసుకోదు. దాన్ని సకాలంలో ప్రశ్నించి, వచ్చిన జవాబుకు తలవంచే అధికారి ఉండాలి.