చెక్కలో పురుగా? పుట్టీ పెట్టే ముందు ఇది చూడండి

గచ్చిబౌలి, కొండాపూర్ అద్దె ఫ్లాట్లలో ఉండేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్న ఇది: "అన్నా, మంచం కింద తెల్లటి పొడి రాలుతోంది, చిన్న చిన్న కన్నాలున్నాయి. పుట్టీ పెట్టేస్తే సరిపోతుందా?"

సరిపోదు. ఎందుకంటే ఆ కన్నం పురుగు లోపలికి వెళ్లిన దారి కాదు, బయటికి వచ్చిన దారి.

1-2 మిల్లీమీటర్ల గుండ్రటి కన్నం, టాల్కమ్ పౌడర్ లాంటి మెత్తటి పొడి కనిపిస్తే అది చాలావరకు పౌడర్ పోస్ట్ బీటిల్ పనే. దాని పిల్ల పురుగు నెలల తరబడి చెక్క లోపలే తింటుంది. పెద్దయ్యాక కన్నం చేసుకుని ఎగిరిపోతుంది. మనకి కనిపించేది క్రాష్ రిపోర్ట్ మాత్రమే, బగ్ ఇంకా లోపలే ఉండొచ్చు. మట్టి గొట్టాలు కనిపిస్తే మాత్రం అవి చెదలు, వాటి వైద్యం వేరు.

ఈ పురుగుకి కావాల్సింది చెక్కలోని పిండిపదార్థం. అందుకే టేకు చేవ జోలికి పోదు, చేవ చుట్టూ ఉండే తెల్లటి భాగాన్ని తింటుంది. మనం ఆన్‌లైన్‌లో కొనే రబ్బర్ వుడ్‌లో పిండి ఎక్కువ. ఫ్యాక్టరీలో బోరాన్ మందు సరిగ్గా ఎక్కించకపోతే అది దీనికి విందు భోజనమే.

ముందు పురుగు ఇంకా ఉందో లేదో చూడండి. పొడి తుడిచేసి, కన్నాల మీద టేప్ అంటించి, కింద నల్ల కాగితం పరచండి. కొన్ని వారాల్లో టేప్‌కి కొత్త కన్నం పడినా, కాగితం మీద పొడి రాలినా పురుగు బతికే ఉన్నట్టు.

అప్పుడు పాలిష్ గీకేసి, బోరిక్ యాసిడ్, వెలిగారం కలిపిన బోరేట్ మందుని ప్యాకెట్ మీద రాసినట్టు నీళ్లలో కలిపి పచ్చి చెక్కకి పట్టించండి. పాలిష్ మీద పూస్తే లోపలికి దిగదు. గ్లవ్స్ వేసుకోండి, పిల్లల్ని దూరంగా ఉంచండి. కూరగాయలు తరిగే చెక్కకి మాత్రం ఇది వద్దు. ఆరాక కన్నాలు పూడ్చి, చివర్లో పాలిష్ వేయండి. మంచం అడుగున కూడా వేయాలి, చాలామంది వదిలేసేది అక్కడే. పురుగు గుడ్లు పెట్టేది పాలిష్ లేని చెక్క రంధ్రాల్లోనే.

ఇక పగుళ్లు. మన దగ్గర ఏప్రిల్, మే ఎండకి చెక్క ముడుచుకుంటుంది, వానాకాలం తేమకి ఉబ్బుతుంది. పగులు చివర పెన్సిల్‌తో గీత గీసి తేదీ రాయండి. గీత దాటి పాకకుండా, వెడల్పు కూడా మారకుండా ఉంటే ఫెవికాల్ లోపలికి నెట్టి, క్లాంప్ బిగించి, బయటికొచ్చిన జిగురుని తడిగుడ్డతో తుడిచేయండి. జిగురు మిగిలిన చోట రంగు పట్టదు. కాస్త వెడల్పు పగులైతే అదే రకం చెక్క చీలికని జిగురుతో దింపండి. కాలాన్ని బట్టి తెరుచుకుని మూసుకునే పగులుకి గట్టి పుట్టీ వద్దు, రంగు మైనం పెట్టండి.

ఒక్క హెచ్చరిక. మంచం కోడులోకి స్క్రూడ్రైవర్ మెత్తగా దిగిపోతే రిపేర్ ఆపేసి, ఆ కోడు మార్పించండి. మనిషి బరువు మోసే చోట పుట్టీని నమ్మొద్దు.

ఫర్నిచర్ ఓనర్‌దైతే, చెయ్యి పెట్టకముందే ఫోటోలు తీసి వాట్సాప్‌లో పంపండి. ఖాళీ చేసే రోజు డిపాజిట్ దగ్గర మాట పడకుండా ఉంటుంది. మీ చెక్కకి ఏమైందో కామెంట్లో రాయండి. ఉంటా మరి.